పాత కాలేజీ రికార్డు దాచకుండా ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ నింపడం ఎలా

అమెరికాలో ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి మారాలనుకునే విద్యార్థికి అప్లికేషన్ తెరవగానే ఎదురయ్యే మొదటి ప్రశ్నల్లో ఒకటి, హైస్కూలు ముగిసిన నాటి నుంచి ఏయే కాలేజీల్లో చదివారన్నది. చదువు సాఫీగా సాగినవారు దాన్ని రెండు నిమిషాల్లో నింపి ముందుకు వెళ్తారు. ఎక్కడో ఒక సెమిస్టర్ చెడిపోయినవారు, ఒక కాలేజీలో చేరి మధ్యలో మానేసినవారు, గ్రేడ్లు తగ్గి కాలేజీ హెచ్చరిక (ప్రొబేషన్) కింద పడినవారు అక్కడే ఆగిపోతారు. "ఆ కాలేజీ పేరు రాయకపోతే ఏమవుతుంది, అక్కడి క్రెడిట్లు నాకు ఎలాగూ అక్కర్లేదు కదా" అన్న ఆలోచన వచ్చేది అప్పుడే. ఈ వ్యాసం అలా ఆగిపోయినవారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

నా సమాధానం ముందే చెబుతాను. ఆ పేరు రాయాలి. చెడిన సెమిస్టర్ వల్ల మీరు కోరుకున్న ఒకటి రెండు కాలేజీలు కాదనవచ్చు. దాన్ని దాచి చేరితే, చేరిన తరువాత ఎప్పుడైనా సీటు, సంపాదించిన క్రెడిట్లు, చేతికి వచ్చిన డిగ్రీ కూడా వెనక్కి పోవచ్చు. చాలా కాలేజీలకు కలిపి దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో చివర సంతకం చేసే ధ్రువీకరణలోనే ఈ మాటలున్నాయి: ఇచ్చిన సమాచారం తప్పని తేలితే అడ్మిషన్ రద్దు, బహిష్కరణ, క్రెడిట్లు, గ్రేడ్లు, డిగ్రీ ఉపసంహరణ వరకు చర్య తీసుకోవచ్చునని. సంతకం పెట్టే ముందు ఆ పేరాను నెమ్మదిగా, రెండుసార్లు చదవండి.

రెండేళ్ల క్రితం డిసెంబరులో మా బంధువుల అబ్బాయి ఒకడు మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని లాప్‌టాప్ నావైపు తిప్పాడు. తెర మీద అతను మొదట చదివిన కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే కోర్సులు, గ్రేడ్ల పట్టిక ఉంది. ఒకే సెమిస్టర్, నాలుగు వరుసలు. క్యాలిక్యులస్, 4 క్రెడిట్లు, ఎఫ్. కెమిస్ట్రీ, 4 క్రెడిట్లు, ఎఫ్. ఇంగ్లీషు, 3 క్రెడిట్లు, సి. హిస్టరీ, డబ్ల్యూ, అంటే మధ్యలో వదిలేసినది. అడుగున సెమిస్టర్ జీపీఏ (నాలుగుకు లెక్కించే గ్రేడ్ల సగటు) 0.55, దాని కింద అకడమిక్ ప్రొబేషన్ అన్న రెండు మాటలు. ఆ తరువాత అతను ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో చేరి నాలుగు సెమిస్టర్లలో 60 క్రెడిట్లు 3.7 సగటుతో పూర్తి చేశాడు. "పిన్నీ, ఇది కూడా చూపించాలా?" అని అడిగాడు. అతని గొంతులో మోసం చేయాలన్న ఉద్దేశం ఏమీ లేదు, సిగ్గు మాత్రమే ఉంది. ఇద్దరం కాగితం తీసుకుని లెక్క వేశాం. రెండు కాలేజీలూ కలిపితే సగటు 3.21 వచ్చింది. అది అతను భయపడినంత చిన్న అంకె కాదు. దాచాలన్న కోరిక చాలామందిలో ఈ లెక్క వేయకముందే పుడుతుంది.

మొదటి పని: మీ చదువు జాబితా పూర్తిగా రాసుకోవడం

అప్లికేషన్ తెరవకముందే ఒక తెల్ల కాగితం తీసుకుని, మీ పేరు ఏ కాలేజీ రికార్డులో ఒక్కసారైనా నమోదయిందో వాటన్నిటినీ తేదీలతో సహా రాయండి. ఇక్కడ చాలామంది పొరపడేది చెడ్డ సెమిస్టర్ దగ్గర కాదు, మరచిపోయిన సెమిస్టర్ దగ్గర. టెక్సాస్, కాలిఫోర్నియా వంటి చోట్ల మన పిల్లలు హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద ఒకటి రెండు కోర్సులు చేసి ఉంటారు. అది కాలేజీ చదువే, దానికి వేరే ట్రాన్స్‌క్రిప్ట్ ఉంటుంది. వేసవిలో మరో కాలేజీలో చేసిన ఒక్క కోర్సు, ఆన్‌లైన్‌లో క్రెడిట్ కోసం చేసిన కోర్సు, రెండు వారాలు వెళ్లి మానేసినా ట్రాన్స్‌క్రిప్ట్ మీద డబ్ల్యూ మిగిల్చిన కోర్సు, హైదరాబాదులోనో విజయవాడలోనో చేరి ఏడాది తరువాత వదిలేసిన బీటెక్, ఇవన్నీ ఆ కాగితం మీదికి రావాలి. క్రెడిట్లు బదిలీ అవుతాయా లేదా అన్నది వేరే ప్రశ్న. అప్లికేషన్ అడిగేది ఎక్కడ చదివారనే.

ఒక కాలేజీలో చేరి, ఫీజు కట్టి, తరగతులు మొదలు కాకముందే పేరు తీయించుకున్నారనుకోండి. అప్పుడు రికార్డు ఉందో లేదో ఊహించకండి. ఆ కాలేజీ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఈమెయిల్ రాసి, మీ పేరు మీద ట్రాన్స్‌క్రిప్ట్ ఉందా అని అడిగి, వచ్చిన జవాబును భద్రపరచుకోండి. లేదని వాళ్లు రాసి ఇస్తే అది మీ చేతిలో సాక్ష్యం. ఉందంటే జాబితాలో ఇంకో వరుస.

ఇక్కడే ఇంకో ప్రలోభం ఉంది. ఒక సెమిస్టర్ చెడిపోయినవారు దాన్ని లేనట్టే భావించి, కొత్తగా హైస్కూలు ముగించిన విద్యార్థిలా మొదటి ఏడాదికి దరఖాస్తు పెట్టాలనుకుంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా దీన్ని స్పష్టంగా కాదంటుంది. హైస్కూలు ముగిశాక, ఆ వెంటనే వచ్చే వేసవిని మినహాయించి, కాలేజీలో రెగ్యులర్ సెమిస్టర్‌లో చేరినవారు ట్రాన్స్‌ఫర్ అభ్యర్థులే అవుతారు, ఆ కాలేజీ రికార్డును పక్కన పెట్టి మొదటి ఏడాదికి దరఖాస్తు చేయడానికి వీల్లేదు. మిగతా యూనివర్సిటీలు ఈ గీతను ఎన్ని క్రెడిట్ల దగ్గర గీస్తాయన్నది ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, మీరు దరఖాస్తు పెట్టే ప్రతి కాలేజీ నిర్వచనాన్ని విడిగా చూడండి.

రెండో పని: కాగితాలు తెప్పించి, మీరే ముందు చదవడం

ప్రతి కాలేజీ నుంచి అనధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించుకోండి. సాధారణంగా విద్యార్థి పోర్టల్‌లోనే దొరుకుతుంది. పాస్‌వర్డ్ పోయి, పోర్టల్ మూసివేసి ఉంటే రిజిస్ట్రార్ ఆఫీసుకు రాయాలి. మీ విద్యా రికార్డును మీరు చూసుకునే హక్కును 1974 నాటి ఫెర్పా చట్టం ఇస్తుంది, అడిగిన 45 రోజుల లోపు కాలేజీ దాన్ని చూపించాలి. గుర్తున్నదాన్ని బట్టి గ్రేడ్లు నింపవద్దు. మనసు చేదు జ్ఞాపకాలను కొంచెం తీపి చేసుకుంటుంది, సి మైనస్ సి అయిపోతుంది, ఎఫ్ డబ్ల్యూ అయిపోతుంది. అది అబద్ధమని మీకు తెలియకపోయినా, చదివే అధికారికి కనిపించేది తేడా ఒక్కటే.

పాత బాకీ వల్ల కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ ఆపితే, దాన్ని సాకుగా చేసుకుని ఆ కాలేజీ పేరు వదిలేసేవారున్నారు. అలా చేయకండి. కాలిఫోర్నియాలో 2020 నుంచి, న్యూయార్క్‌లో 2022 నుంచి అమల్లో ఉన్న చట్టాల ప్రకారం బాకీ ఉందన్న కారణంతో కాలేజీలు ట్రాన్స్‌క్రిప్ట్ ఆపకూడదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన ఫెడరల్ నిబంధన ప్రకారం, ఫెడరల్ ఆర్థిక సహాయం తీసుకుని ఫీజు పూర్తిగా చెల్లించిన సెమిస్టర్ల క్రెడిట్లనైనా కాలేజీ ఇవ్వాలి. ఈ ఫెడరల్ సహాయం తీసుకోని అంతర్జాతీయ విద్యార్థులకు ఆ నిబంధన అక్కరకు రాదు, వారు బాకీ వాయిదాల్లో కట్టే ఒప్పందం కోసం కాలేజీ అకౌంట్స్ విభాగాన్ని అడగాలి. ఈలోగా కొత్త కాలేజీకి, ట్రాన్స్‌క్రిప్ట్ ఎందుకు ఆలస్యమవుతోందో ఉన్నదున్నట్టు రాయండి.

కాగితాలు చేతికి వచ్చాక, రికార్డును న్యాయంగా మార్చుకునే దారులు ఏమైనా మిగిలి ఉన్నాయా అని కూడా చూడండి. చాలామందికి వీటి సంగతి తెలియదు, తెలియకే దాచే దారి పడతారు. ఆ సెమిస్టర్‌లో నిజంగా ఆసుపత్రి పాలై ఉంటే, డాక్టర్ పత్రాలతో పాత కాలేజీకి వెనుకటి తేదీతో మెడికల్ విత్‌డ్రావల్ కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చు. గడువు ఒక్కో కాలేజీకి ఒక్కో విధంగా ఉంటుంది, ఒప్పుకుంటే ఎఫ్‌లు డబ్ల్యూలుగా మారతాయి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో అకడమిక్ రెన్యూవల్ ఉంది, నిర్ణీత షరతులు పూర్తిచేస్తే పాత నాసిరకం గ్రేడ్లను ఆ కాలేజీ జీపీఏ లెక్కలోంచి తీసేస్తారు. టెక్సాస్ నివాసులకు అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అన్న చట్టం ఉంది, 10 ఏళ్లు, అంతకు మించి పాతబడిన కోర్సులను ఆ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీలు ప్రవేశ నిర్ణయంలో పరిగణించకుండా ఉండమని విద్యార్థి కోరవచ్చు. అలా కోరితే చెడ్డవాటితో పాటు మంచి గ్రేడ్లు కూడా పోతాయి, వాటికి క్రెడిట్ రాదు. ఈ దారుల్లో ఏది దొరికినా ఒక సంగతి మరవకండి: లెక్కలోంచి తీసేసిన కోర్సు ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనిపిస్తూనే ఉంటుంది, ఆ ట్రాన్స్‌క్రిప్ట్ పంపాల్సిందే.

మూడో పని: అప్లికేషన్‌లో గ్రేడ్లు నింపడం

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అప్లికేషన్ తొమ్మిది క్యాంపస్‌లకూ ఒకటే. దరఖాస్తు సమయంలో వాళ్లు ట్రాన్స్‌క్రిప్ట్ అడగరు, మీరు నింపిన గ్రేడ్లనే నమ్మి నిర్ణయం తీసుకుంటారు. అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్‌లు సీటు ఒప్పుకున్న తరువాత, సాధారణంగా జూలై 1 లోపు వెళ్లాలి, అప్పుడు ప్రతి వరుసనూ సరిపోల్చి చూస్తారు. ముందు అడగరు కాబట్టి చూడరని అనుకోవడం వల్ల జూలై ఆగస్టు నెలల్లో, పాత చోట ఇల్లు ఖాళీ చేసి, కొత్త చోట డిపాజిట్ కట్టిన తరువాత అడ్మిషన్ రద్దయిన ఉత్తరం అందుకునే పరిస్థితి వస్తుంది. ఒక కుటుంబానికి అంతకన్నా కష్టమైన వేసవి ఉండదు.

కోర్సు పేరు, కోర్సు నంబరు, క్రెడిట్లు, గ్రేడు ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఎలా ఉంటే అలాగే ఎక్కించండి. డి వస్తే డి, ఎఫ్ వస్తే ఎఫ్. తప్పి మళ్లీ చదివిన కోర్సుకు రెండు ప్రయత్నాలూ విడివిడిగా నింపాలి. డబ్ల్యూ కూడా నింపాలి, అది గ్రేడు కాదనే వాదన అక్కడ చెల్లదు. ఇన్‌కంప్లీట్ (పూర్తికాని కోర్సు) ఉంటే దాన్ని ఎప్పటిలోగా పూర్తి చేస్తారో రాయండి. భారతీయ యూనివర్సిటీ మార్కులను మీ అంతట మీరు 4.0 స్కేలుకు మార్చకండి. శాతమైతే శాతం, పదికి వచ్చిన సీజీపీఏ అయితే అదే రాసి, స్కేలు ఏమిటో పక్కన చెప్పండి. మార్చడం కొత్త కాలేజీ పని, లేదా వెస్ వంటి మూల్యాంకన సంస్థ పని.

దరఖాస్తు పెట్టిన తరువాత ఫాల్ (ఆగస్టు-డిసెంబరు) సెమిస్టర్ గ్రేడ్లు వస్తాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ట్రాన్స్‌ఫర్ అభ్యర్థులు జనవరిలో అకడమిక్ అప్‌డేట్ నింపి వాటిని తెలియజేయాలి. మంచి గ్రేడ్లు వచ్చినవారు దాన్ని ఆ రోజే నింపుతారు, ఒకటి తగ్గినవారు వాయిదా వేస్తారు. తగ్గిన గ్రేడు ఉన్నప్పుడే ముందుగా నింపండి.

ఆ కాలేజీ పేరు రాయకపోతే ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న ప్రతి ఒక్కరూ అడుగుతారు కాబట్టి సూటిగా జవాబిస్తాను. నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ అన్న సంస్థ 1993 నుంచి ఉంది. అమెరికాలోని కాలేజీ విద్యార్థుల్లో 90 శాతానికి పైగా నమోదు వివరాలు, అంటే ఎవరు ఎక్కడ ఏ సెమిస్టర్‌లో చేరారన్నది, కాలేజీలే దానికి పంపుతాయి. కొత్త కాలేజీ అక్కడ వెతికితే మీరు రాయని పేరు బయటపడగలదు. ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సహాయ దరఖాస్తు) ద్వారా ఫెడరల్ గ్రాంటో అప్పో తీసుకుని ఉంటే ఫెడరల్ రుణాల డేటాబేస్‌లో ఏ కాలేజీ పేరు మీద తీసుకున్నారో ఉంటుంది, కొత్త కాలేజీ ఆర్థిక సహాయ విభాగం దాన్ని చూస్తుంది. ఒక కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద అంతకుముందు చదివిన కాలేజీ పేరు, బదిలీ అయిన క్రెడిట్లు అచ్చయి ఉండడం మామూలే. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చేరిన అమెరికా కాలేజీలు సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులో ఉంటాయి.

కొన్నాళ్లు బయటపడకపోవచ్చు కూడా. 2007లో హార్వర్డ్‌కు ట్రాన్స్‌ఫర్‌గా వచ్చిన ఒక విద్యార్థి, నిజానికి మేన్ రాష్ట్రంలోని ఒక కాలేజీ నుంచి విద్యాపరమైన నిజాయితీ లేమి కారణంగా సస్పెండ్ అయి, తాను ఎమ్ఐటీ నుంచి వస్తున్నట్టు నకిలీ పత్రాలు సృష్టించాడు. రెండేళ్లు ఎవరికీ అనుమానం రాలేదు. 2009లో పెద్ద స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు ఒక ప్రొఫెసర్ అతని వ్యాసంలో కాపీని గుర్తించడంతో మొత్తం కథ విప్పుకుంది, 2010లో అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మీ విషయం అంత దూరం వెళ్లేది కాదని నాకు తెలుసు. నేను దాన్ని ప్రస్తావించింది ఒక్క కారణానికి: దాచినది ఎప్పుడు బయటపడుతుందో నిర్ణయించేది దాచినవారు కాదు. మెడికల్ స్కూలు, లా స్కూలు మళ్లీ అన్ని కాలేజీల ట్రాన్స్‌క్రిప్ట్‌లూ అడుగుతాయి, ప్రభుత్వ ఉద్యోగపు నేపథ్య పరిశీలన ఎక్కడ చదివారని అడుగుతుంది. ఒకసారి దాచినవారు అక్కడ నిజం రాస్తే పాత అప్లికేషన్ అబద్ధమవుతుంది, రాయకపోతే ఇంకో అబద్ధం చేరుతుంది.

నాలుగో పని: క్రమశిక్షణ ప్రశ్నకు జవాబు

కొన్ని కాలేజీలు ఈ ప్రశ్న అడుగుతాయి, కొన్ని అడగవు. అడిగినచోట ప్రశ్నలోని ప్రతి మాటనూ తూచి చదవాలి. జీపీఏ తగ్గినందుకు వచ్చే అకడమిక్ ప్రొబేషన్ వేరు, కాపీ కొట్టినందుకో హాస్టల్లో గొడవకో తీసుకున్న క్రమశిక్షణ చర్య వేరు. ప్రశ్న రెండోదాని గురించే అయితే మొదటిదాన్ని అక్కడ రాయనక్కర్లేదు. రెండూ అడిగితే రెండూ రాయాలి. సస్పెన్షన్, డిస్మిసల్, ఎక్స్‌పల్షన్ అన్న మాటలకు ఒక్కో కాలేజీ నియమావళిలో ఒక్కో అర్థం ఉంటుంది కాబట్టి, మీకు వచ్చిన ఉత్తరంలో ఏ మాట ఉందో అదే వాడండి. మీకు సందేహముంటే పాత కాలేజీ డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసును అడగండి: నా మీద నమోదైన చర్య ఏమిటి, అది ఇప్పుడు నా రికార్డులో ఉందా, మీరు మరో కాలేజీకి ఏమని చెబుతారు?

ఆ మూడో ప్రశ్న ముఖ్యమైనది. కొన్ని కాలేజీలు కాలేజీ రిపోర్ట్ అన్న ఫారం అడుగుతాయి, దాన్ని నింపేది మీరు కాదు, మీ విద్యా, క్రమశిక్షణ రికార్డులు చూడగల మీ కాలేజీ అధికారి. మీ జవాబు, ఆయన జవాబు ఒకే బల్ల మీద పక్కపక్కన ఉంటాయి. వర్జీనియా, న్యూయార్క్, టెక్సాస్ రాష్ట్రాల్లో కొన్ని రకాల చర్యలను ట్రాన్స్‌క్రిప్ట్ మీదే సూచించాలన్న చట్టాలున్నాయి. రికార్డు నుంచి తొలగించామని కాలేజీ రాసి ఇచ్చిన విషయాన్ని మాత్రం, ప్రశ్న అటువంటివాటిని మినహాయించినప్పుడు, చెప్పాల్సిన పని లేదు. నిజాయితీ అంటే అడిగినదానికి పూర్తిగా జవాబివ్వడం. అడగని గాయాలన్నీ విప్పి చూపడం కాదు.

ఐదో పని: వివరణ రాయడం

ఈ పని మీద ఎక్కువ సమయం పెట్టండి. చెడిన సెమిస్టర్‌ను చూసే అధికారికి తెలుసుకోవాలనిపించేవి రెండే: ఏం జరిగింది, ఇప్పుడు అది మళ్లీ జరగదని నమ్మడానికి ఆధారమేమిటి. దీనికి అదనపు సమాచారం రాసే పెట్టె ఉంటుంది, అక్కడ రాయండి. వీలైతే ప్రధాన వ్యాసాన్ని దీనితో నింపకండి, ఆ చోటు మీరు ఏం చదవాలనుకుంటున్నారో చెప్పడానికి.

మా బంధువుల అబ్బాయి మొదట రాసిన ముసాయిదా ఇంచుమించు ఇలా ఉంది: "ఆ కాలేజీ వాతావరణం నాకు అనుకూలించలేదు. తరగతులు చాలా పెద్దవి. అధ్యాపకులు అందుబాటులో లేరు. అనివార్య కారణాల వల్ల నా ప్రతిభ మార్కుల్లో ప్రతిఫలించలేదు." చదివి నేను అతన్ని ఒక్కటే అడిగాను, నిజంగా ఏమైంది నాన్నా అని. అతను కాసేపు ఊరుకుని, అక్టోబరు నుంచి తరగతులకు వెళ్లడం మానేశానని, మొదటి క్యాలిక్యులస్ పరీక్షలో 31 వచ్చాక ఆ గదిలోకి అడుగు పెట్టలేకపోయానని, ఇంట్లో చెప్పలేకపోయానని అన్నాడు. చివరికి అతను రాసి పంపినది ఇది: "2021 ఫాల్‌లో క్యాలిక్యులస్ మొదటి పరీక్ష తప్పిన తరువాత నేను తరగతులకు వెళ్లడం మానేశాను. సహాయం అడగలేదు, విత్‌డ్రా గడువు కూడా దాటిపోనిచ్చాను. ఆ రెండు ఎఫ్‌లు నా నిర్ణయాల ఫలితం. కమ్యూనిటీ కాలేజీలో చేరాక వారానికి రెండుసార్లు మ్యాథ్ ట్యూటరింగ్ సెంటర్‌కు వెళ్లాను. అదే క్యాలిక్యులస్‌లో ఏ వచ్చింది, తరువాత రెండు సెమిస్టర్లు అక్కడే ట్యూటర్‌గా పనిచేశాను." అంతే. అతను ఐదు కాలేజీలకు పెట్టాడు, రెండు కాదన్నాయి, మూడు రమ్మన్నాయి.

ఆ రెండు పేరాల మధ్య తేడాను గమనించండి. రెండోదానిలో తేదీ ఉంది, చేసిన తప్పు పేరు పెట్టి చెప్పడం ఉంది, ట్రాన్స్‌క్రిప్ట్‌తో సరిచూడగల ఆధారం ఉంది, ఇతరుల మీద నింద లేదు. కారణం అనారోగ్యమో, ఇంట్లో మరణమో, మానసికమైన కుంగుబాటో అయితే వ్యాధి పేరు చెప్పాల్సిన అవసరం లేదు. ఆరోగ్య కారణాల వల్ల ఆ సెమిస్టర్ చదువు సాగలేదు, చికిత్స పొందాను, ఆ తరువాత ఫుల్‌టైమ్ చదువు ఇలా సాగుతోంది అంటే చాలు. లేని జబ్బును మాత్రం తెచ్చుకోకండి. తాతగారిని రెండోసారి చంపిన అప్లికేషన్లు కూడా అధికారులు చదివే ఉంటారు.

భారతదేశం నుంచి వచ్చే రికార్డు

మన విద్యార్థుల విషయంలో ఇది వేరుగా చెప్పాలి. ఇంటర్ తరువాత ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, మొదటి ఏడాది నాలుగైదు బ్యాక్‌లాగులు మిగిలి, మానేసి, అమెరికాలో కమ్యూనిటీ కాలేజీకో యూనివర్సిటీకో దరఖాస్తు పెట్టేవారు ఉంటారు. వారికి కొందరు కన్సల్టెంట్లు ఇచ్చే సలహా తరచుగా ఒకటే: ఆ ఏడాది చూపించవద్దు, గ్యాప్ అని రాద్దాం, ఒక ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెడదాం. ఆ సలహా ఇచ్చినవారు మీ తరఫున సంతకం పెట్టరు, వీసా కిటికీ ముందు నిలబడరు. డీఎస్-160 వీసా ఫారం, సెకండరీ స్థాయి నుంచి మీరు చదివిన విద్యాసంస్థల పేర్లు, చిరునామాలు, తేదీలు అడుగుతుంది. కాలేజీకి ఒక చరిత్ర, కాన్సులేట్‌కు ఒక చరిత్ర చెప్పినవారు ఎప్పటికీ రెండు కథలూ గుర్తు పెట్టుకుని బతకాలి. ఉద్దేశపూర్వకంగా ముఖ్యమైన విషయాన్ని తప్పుగా చెప్పి వీసా కోరినట్టు తేలితే, అమెరికా వలస చట్టం ప్రకారం ఆ అనర్హతకు కాలపరిమితి లేదు. ఒక ఏడాది బ్యాక్‌లాగులకు చెల్లించదగిన మూల్యం కాదిది.

చేయవలసింది ఇది. ఆ యూనివర్సిటీ నుంచి సెమిస్టర్ మార్కుల మెమోలన్నీ, తప్పినవాటితో సహా, తెప్పించండి. మెమో మీద పరీక్ష జరిగిన నెల, సంవత్సరం ఉంటాయి కాబట్టి సప్లిమెంటరీలో పాసైన సంగతి ఎలాగూ కనిపిస్తుంది, దాన్ని దాచే ప్రయత్నం వృథా. పాసైన చివరి మెమో ఒక్కటే స్కాన్ చేసి పంపవద్దు. కాలేజీ మీ టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ పట్టుకుని ఇవ్వనంటే, విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోరాదని యూజీసీ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్‌ను చూపించి రాతపూర్వకంగా అడగండి. బ్యాక్‌లాగుల సంఖ్య అడిగిన చోట, తరువాత పాసైనవాటిని కూడా లెక్కించాలా, ప్రస్తుతం మిగిలినవి మాత్రమేనా అన్నది ప్రశ్నలో స్పష్టంగా లేకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకు రాసి అడగండి. లేదా రెండు అంకెలూ ఇవ్వండి.

ఎఫ్-1 మీద ఇప్పటికే అమెరికాలో ఉండి కాలేజీ మారుతున్నవారు, సెవిస్ రికార్డు బదిలీ చేయించుకోవాలి. అది మీ కాలేజీలోని డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) చేతిలో ఉంటుంది. గ్రేడ్లు తగ్గి కాలేజీ డిస్మిస్ చేసే పరిస్థితి కనిపిస్తే, ఆ ఉత్తరం వచ్చేదాకా ఆగకుండా డీఎస్ఓను ముందే కలవండి. రికార్డు టెర్మినేట్ (రద్దు) అయ్యాక దేశంలో ఉండేందుకు అదనపు గడువు (గ్రేస్ పీరియడ్) ఉండదు, హోదా తిరిగి ఇవ్వమని కోరే రీఇన్‌స్టేట్‌మెంట్ అర్జీ పెట్టుకోవాలి. ముందే కలిస్తే బదిలీ దారి తెరిచి ఉండవచ్చు. డీఎస్ఓ దగ్గర కూడా అర్ధసత్యం చెప్పవద్దు, మీ హాజరు, గ్రేడ్లు ఆయన తెర మీద ఉంటాయి.

ఇప్పటికే దాచి ఉంటే

దరఖాస్తు పంపాక తప్పు గుర్తొస్తే, నిర్ణయం రాకముందే సరిదిద్దడం అన్నిటికన్నా తేలిక. అడ్మిషన్స్ ఆఫీసుకు మీ పేరు, అప్లికేషన్ నంబరుతో ఈమెయిల్ రాయండి: నా దరఖాస్తులో ఫలానా కాలేజీలో ఫలానా సెమిస్టర్ చదివిన వివరం చేర్చలేదు, అది నా తప్పు, ట్రాన్స్‌క్రిప్ట్ జతచేస్తున్నాను, అధికారిక ప్రతి పంపమని ఆ కాలేజీని కోరాను, దయచేసి నా ఫైలును సరిచేయగలరు. కారణాల పేరా ఇక్కడ రెండు వాక్యాలు మించకూడదు. మరచిపోయినట్టయితే మరచిపోయానని, సిగ్గుపడి రాయలేదంటే అదే చెప్పండి. వాళ్లు కాదనవచ్చు. చాలాసార్లు ఫైలులో కాగితం చేర్చుకుని ముందుకు వెళ్తారు.

చేరిపోయిన తరువాత అయితే విషయం బరువైనది, ఒంటరిగా ఈమెయిల్ రాయకండి. చాలా యూనివర్సిటీల్లో ఆంబుడ్స్ ఆఫీసు (ఇబ్బందులను ఎవరి పక్షం వహించకుండా వినే విభాగం), విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా కేంద్రం ఉంటాయి, ముందు అక్కడికి వెళ్లండి. ఎఫ్-1 మీద ఉన్నవారు రిజిస్ట్రార్‌తో మాట్లాడకముందే ఇమిగ్రేషన్ లాయరును సంప్రదించండి, ఎందుకంటే వీసా హోదా కూడా ఆ సీటుతో ముడిపడి ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు కాలేజీలో చేరిన రోజు నుంచి ఆ రికార్డు మీద హక్కు వారిదే, వారి అనుమతి లేకుండా సాధారణంగా కాలేజీ మీకు గ్రేడ్లు చెప్పదు. అందుకే చాలా ఇళ్లలో ఆ 0.55 అన్న అంకె తల్లిదండ్రులకు ఏడాది తరువాత, ఇలాంటి అప్లికేషన్ రోజునే తెలుస్తుంది. ఆ రోజు మీరు కోప్పడితే, తరువాతి అప్లికేషన్‌లో ఆ వరుస కనిపించదు. ఆ అబ్బాయి వాళ్ల అమ్మకు ఆ ట్రాన్స్‌క్రిప్ట్ నేను చూపించినప్పుడు ఆవిడ చాలాసేపు తెరవైపే చూసి, "అప్పుడు తిన్నావా లేదా రా" అని మాత్రం అడిగింది. అతను వివరణ రాసింది ఆ రాత్రే.

సీటు ఒప్పుకున్నాక మిగిలే పని చిన్నదే. ఏప్రిల్, మే నెలల్లో మీ చివరి సెమిస్టర్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఒక కోర్సు వదిలేయాలనుకున్నా, గ్రేడు పడిపోతుందనిపించినా వదలకముందే కొత్త కాలేజీకి రాయండి, మీ సీటు ఏ షరతుల మీద ఇచ్చారో ఆ ఉత్తరంలో ఉంటుంది. చివరి గ్రేడ్లు పడగానే, మీరు మొదటి పనిలో రాసుకున్న ఆ తెల్ల కాగితాన్ని మళ్లీ తీసి, అందులోని ప్రతి కాలేజీ నుంచీ అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్‌కు ఆర్డరు పెట్టి, పంపిన తేదీ ఆ వరుస పక్కనే రాసుకుని, అందినట్టు కొత్త కాలేజీ పోర్టల్‌లో కనిపించేదాకా ఆ కాగితాన్ని పారేయకండి.